రంగంలో పెళ్ళి

మన సంఘ సభ్యులొకరు కిందటి నెల మాకొక పుస్తకం పంపించారు. కథల పుస్తకం కాదు, కవిత్వం అంతకన్నా కాదు. విదేశాలలో పెళ్ళిళ్ళు ఏర్పాటు చేసే ఒక సంస్థవారు తమ దగ్గరకు వచ్చేవారి కోసం అచ్చు వేయించిన రంగుల పుస్తకం. పెళ్ళి ఏ దేశంలో, ఏ ప్రాంతంలో చేసుకుంటే బాగుంటుందో అందులో వివరంగా రాశారు. దానితోపాటు ఆయన ఒక చిన్న ఉత్తరం జతచేశారు. "మా తాతగారు రంగంలో పనిచేశారు. అమ్మాయి పెళ్ళి వచ్చే మాఘంలో అక్కడ చేద్దామని నా కోరిక. 56వ పేజీ చూసి, మీకు తోచింది మొహమాటం లేకుండా రాయండి" అని.

మొహమాటం వద్దన్నారు గనుక, ఆయన అనుమతితోనే, ఉత్తరానికి ఉత్తరంతో సరిపెట్టకుండా ఈ పుస్తకాన్ని మిగతా పుస్తకాల లాగే ఇక్కడ సమీక్షిస్తున్నాము. మన ఇళ్ళలో పెళ్ళీడుకొచ్చిన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇవాళ ఆయన అడిగిన ప్రశ్న రేపు మనలో ఎవరికైనా రావచ్చు. మొన్న ఉగాది సభలో భోజనాల దగ్గర మూడు కుటుంబాలవారు ఇదే మాట్లాడుకోవడం మేము విన్నాము. ఒకరు బాలి అన్నారు, ఒకరు ఇటలీ అన్నారు, మూడోవారు ఖర్చు సంగతి ఎత్తగానే ముగ్గురూ పెరుగన్నంలోకి దిగిపోయారు.

ముందు పుస్తకంలోని మంచి చెప్పాలి. రాసినవారు ఊరికే బొమ్మలు అంటించలేదు. ఏ దేశంలో ఏ నెలలో వానలు, ఎన్ని గదులు దొరుకుతాయి, విమానం ఎన్నిచోట్ల మారాలి, ఇవన్నీ పట్టికలుగా ఇచ్చారు. రంగూన్‌కు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమన్నారు, అది నిజమే. అక్కడ మే చివర్న పట్టిన వాన అక్టోబరు దాకా వదలదు. జూలై, ఆగస్టు నెలల్లో కురిసే వాన ముందు మన కోస్తా వానలు చినుకుల కిందే లెక్క. శ్రావణ ముహూర్తం పెట్టుకున్నవాడికి పందిరి నిలవదు. అంతేకాదు, ఆ మూడు నెలలూ, అంటే వాసో పున్నమి నుంచి తదింజుట్ పున్నమి దాకా, బౌద్ధులకు వర్షావాసం. బర్మావారు ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చేసుకోరు. ఏప్రిల్ నడుమ వచ్చే తింజాన్ నీళ్ళ పండుగకు ఊళ్ళో అంగళ్ళన్నీ మూసేస్తారు. ఈ రెండు సంగతులూ పుస్తకంలో లేవు. మాఘం అనుకున్నారు గనుక మన మిత్రుడికి వీటితో పేచీ లేదు.

మాకు పేచీ వచ్చింది 56వ పేజీ పైనున్న శీర్షికతో. అక్కడ "వలసపాలన నాటి వైభవం" అని పెద్దక్షరాలలో వేశారు. కింద నదికి ఎదురుగా ఉన్న పాత హోటలు మెట్ల మీద తెల్లదొరసాని గౌనులాంటిది తొడుక్కున్న పెళ్ళికూతురు నిలబడి ఉంది. ఆ కాలంలోకి అతిథులను తీసుకుపోతామని రాశారు. ఏ కాలంలోకి, ఎవరిని తీసుకుపోతారు? మన మిత్రుడి తాతగారు ఆ కాలంలోనే ఆ ఊళ్ళో ఉన్నారు. అయితే ఆయన ఆ మెట్ల మీద లేరు. మెట్లకు ఎదురుగా, రోడ్డు దాటితే వచ్చే రేవులో ఉన్నారు.

పిల్లల కోసం ఇక్కడ కాస్త వెనక్కు వెళ్ళాలి. రంగూన్‌ను ఇప్పుడు యాంగాన్ అంటున్నారు. మనవాళ్ళు మాత్రం దాన్ని "రంగం" అనే అన్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో "రంగం వెళ్ళాడు" అంటే ఇక విడమరిచి చెప్పనక్కరలేదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి మూడు నాలుగు రోజులు డెక్కు మీద పడి ఉంటే రంగం వచ్చేది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి పూర్వం జనం వెళ్ళారు గనుక బర్మాలో తెలుగువాడికి "కొరంగీ" అని పేరు పడిపోయింది. అది ముద్దుపేరు కాదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊరి జనం 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేలకు పైగా, అంటే సగానికి మించి, భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షా అరవై వేల దాకా ఉన్నారు. 1920ల చివర్లో వలసజనం దిగే రేవుగా రంగూన్ న్యూయార్కును కూడా మించిందని చరిత్రకారులు రాశారు. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు ఈ ఒక్కమాటా గుర్తుంచుకుంటే చాలు. తెలుగువాడు మూకుమ్మడిగా దిగిన మొదటి న్యూయార్కు రంగమే.

దిగినవాడు ఏం చేశాడు? ఓడల్లోంచి మూటలు మోశాడు, బియ్యం మిల్లుల్లో, కోతమిల్లుల్లో పనిచేశాడు, రిక్షా లాగాడు, వీధులు ఊడ్చాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కూలిలోంచి తీరేదాకా వాడి చేతికి మిగిలేది తక్కువ. పెళ్ళాన్ని వెంట తీసుకుపోయినవాడు నూటికొకడు అన్నట్టుండేది. ఒకే గదిలో వంతులవారీగా పడుకునే మగవాళ్ళు పుట్టెడుమంది. పెళ్ళి ఊళ్ళో జరిగేది, కాపురం ఉత్తరాల్లో జరిగేది. ఉత్తరం రాయించుకోవడానికి ఇంకొకడి కాళ్ళు పట్టుకోవాలి. ఈ సంగతి చెప్పకుండా రంగంలో తెలుగు పెళ్ళి గురించి ఏం రాసినా బొమ్మల పుస్తకమే అవుతుంది.

1930 మేలో ఆ రేవుకూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు దింపించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు పనిలోకి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య నిప్పు పెట్టడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరికి తడుతుంది? మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు బాంబులు వేశాయి. 1942లో లక్షల మంది అరకాన్ దారినీ, మణిపూరు దారినీ పట్టి నడిచారు. దారిలో ఎందరో రాలిపోయారు. మిగిలినవాళ్ళూ, యుద్ధం తరువాత తిరిగి వెళ్ళినవాళ్ళూ 1964 దాకా నెట్టుకొచ్చారు. ఆ ఏడు నే విన్ ప్రభుత్వం అంగళ్ళను జాతీయం చేసింది. ఇండియా పంపిన ఓడలెక్కి మళ్ళీ లక్షల మంది వచ్చేశారు. చేతిలో డబ్బుకీ, ఒంటి మీద బంగారానికీ ఆంక్షలే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉన్నది. ఆ పేరు అలా వచ్చినదే.

ఇప్పుడు 56వ పేజీ మళ్ళీ తీయండి. పెళ్ళివారి బంగారం హోటలు లాకరులో భద్రంగా ఉంచుతామని రాశారు.

మేము వెటకారం కోసం ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టలేదు. ఆ పేజీ రాసినవారికి ఈ చరిత్ర తెలియదు, తెలియాలని మనం అడగలేము. కానీ వారికి తెలియనిది మన మిత్రుడికి తెలుసు గదా. తెలిసీ ఆయన ఆ బొమ్మను చూసి "ఇక్కడే" అనుకున్నారంటే, అందులో ఒక న్యాయం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. తాత మోసిన రేవుకు ఎదురుగా మనుమరాలిని పల్లకిలో కూర్చోబెట్టాలన్న కోరిక మామూలు కోరిక కాదు. మొదట చదివినప్పుడు మేమూ "భేష్, చేయండి" అనే రాయబోయాము. తరువాత వెనక్కు తగ్గాము. ఎందుకో చెప్పాలంటే, తెలుగు పెళ్ళిలో ప్రాంతం అనేది ఎక్కడెక్కడ వస్తుందో చూడాలి.

మొదట శుభలేఖలో వస్తుంది. పాత శుభలేఖలో "మా స్వగృహమునందు" అని ఉండేది. ఆడపెళ్ళివారి ఊరే పెళ్ళి ఊరు. మగపెళ్ళివారు తరలివస్తే వాళ్ళకు విడిది ఇవ్వాలి, ఎదుర్కోలు చేయాలి, పానకం ఇవ్వాలి. ఒకరు ఇంటివారు, ఒకరు వచ్చినవారు. అలకలూ వేళాకోళాలూ అన్నీ ఈ తేడాలోంచి పుట్టినవే. బయటి దేశంలో హోటల్లో పెళ్ళి అంటే రెండువైపులవారూ వచ్చినవారే, ఇంటివారు ఎవరూ ఉండరు. విడిది ఒక అంతస్తులో, పెళ్ళివారిల్లు ఇంకో అంతస్తులో; ఎదుర్కోలు లిఫ్టు దగ్గర. ఇటువంటి పెళ్ళికి మేము రెండేళ్ళ కిందట వెళ్ళాము. మేజువాణీ వగైరాలకు లోటు లేదు, కానీ అలిగిన మేనమామ ఎవరి మీద అలగాలో తెలియక ఊరుకున్నాడు.

రెండోది సంకల్పం. పెళ్ళి మొత్తంలో ఊరిని దేవుడికి విన్నవించే చోటు అదొక్కటే. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ ఏ నదుల మధ్య, అని పెద్దదాని నుంచి చిన్నదానిలోకి దిగుతూ వచ్చి, చివరకు తండ్రి కూర్చున్న పీట దాకా చెప్పి, అప్పుడు పని మొదలుపెడతాం. అమెరికాలో పురోహితులు క్రౌంచద్వీపం అంటున్నారు. సబబా కాదా అని వాదించుకునేవారు వాదించుకోవచ్చు గానీ, ఉన్నచోటును ఉన్నట్టు చెప్పాలన్న నియమాన్ని వారు వదల్లేదు, అది మెచ్చుకోదగినది. రంగంలో ఏమని చెప్పాలి? ఆలోచిస్తే చిత్రంగా ఉంది. బర్మా బౌద్ధులు కూడా తమ దేశం జంబూద్వీపంలోనే ఉందంటారు. కాబట్టి మొదటి మాట మార్చనక్కరలేదు, ఇంటివారికీ మనకూ అక్కడ తగాదా లేదు. భరతఖండం అనలేము. శ్రీశైలానికి దాదాపు సరిగ్గా తూర్పు దిక్కు. దేశపు పెద్దనది ఇరావతి. ఆ పేరే మనది. ఇంత సులభంగా సంకల్పం కుదిరే విదేశం ఇంకొకటి మాకు తోచడం లేదు.

మూడోది ఆకాశం. 56వ పేజీలో ఇది లేనందుకు తప్పు పట్టము గానీ, బాలిని పొగిడిన 20వ పేజీలో లేనందుకు పడతాము. వరుడు వధువుకు ధ్రువుణ్ణి, అరుంధతిని చూపిస్తాడు. పట్టపగలు చూపిస్తారని మనవాళ్ళే నవ్వుకుంటారు, అది వేరే సంగతి. కనిపించకపోయినా ఆ నక్షత్రం అక్కడ ఉండాలి గదా! ధ్రువుడు ఒక ఊరి నుంచి ఎంత ఎత్తులో కనిపిస్తాడో, ఆ ఊరి అక్షాంశం అంత. కాకినాడలో సుమారు 17 డిగ్రీలు. భూమధ్యరేఖకు దక్షిణంగా 8 డిగ్రీల మీదున్న బాలిలో ధ్రువుడు నేల కిందే ఉంటాడు. అక్కడ వరుడు ఉత్తరంగా చూపుడువేలు ఎత్తితే అది ఒట్టి వేలే. అరుంధతి బాలిలో ఎంత పైకి వచ్చినా సుమారు 27 డిగ్రీలు దాటదు. మెల్‌బోర్న్‌లో అసలు ఉదయించదు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఇది తిరగబడుతుంది. న్యూజెర్సీలోనూ లండన్‌లోనూ అరుంధతి అస్తమించనే అస్తమించదు, ఏడాది పొడుగునా ప్రతిరాత్రీ ఎంతో కొంత ఎత్తులో ఉంటుంది. మన పెరట్లో కనిపించే నక్షత్రాన్ని వదిలి, కనిపించని చోటికి లక్షలు పోసి వెళ్ళడం ఏమిటో!

ఇక రంగూన్ 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం. కోరంగి కూడా అంతే, 16.8 దగ్గర. ఈ సంగతి మేము పటం ముందు పెట్టుకుని చూసేదాకా మాకూ తెలియదు. ఏ రేవు పేరు తెలుగువాడి నెత్తిన బిరుదుగా పడిందో ఆ రేవు నుంచి నిటారుగా తూర్పుకు గీత గీస్తే రంగూన్ తగులుతుంది. రెండుచోట్లా ఒకే ఆకాశం, నక్షత్రాలు ఒకే ఎత్తులో. డెక్కు మీద పడుకుని వెళ్ళినవాడికి మూడో రాత్రి కూడా ధ్రువుడు మొదటి రాత్రి ఉన్నచోటే కనిపించి ఉంటాడు.

ముహూర్తం గురించి ఒక హెచ్చరిక. పుస్తకంలో "భారత సమయానికి గంట కలుపుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. గడియారానికి అది నిజం, రంగూన్ గడియారం మనకన్నా గంట ముందు. తిథి, నక్షత్రం ముగిసే వేళలకూ అది సరిపోతుంది. చవితి కాకినాడలో 10:45కు వెళ్ళిపోతే రంగూన్ గడియారంలో 11:45కు వెళ్ళిపోతుంది. కానీ లగ్నం అలా కాదు. అది ఆ ఊరి తూర్పు దిక్కున ఏ రాశి లేస్తున్నదన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు ఊళ్ళూ ఒకే అక్షాంశం మీద, రేఖాంశంలో 14 డిగ్రీల తేడాతో ఉన్నాయి గనుక రంగూన్‌లో ఏ లగ్నమైనా కాకినాడకన్నా సుమారు 56 నిమిషాల ముందే లేస్తుంది. అంటే కాకినాడలో ఉదయం 10:20కి ఉన్న లగ్నస్థితి రంగూన్‌లో అక్కడి గడియారం ప్రకారం 10:24 ప్రాంతంలో వస్తుంది. గుడ్డిగా గంట కలిపి 11:20 అనుకున్నవాడు దాదాపు సగం లగ్నం దాటిపోయి ఉంటాడు. లగ్నం చివర్లో పెట్టిన ముహూర్తమైతే వేరే రాశిలోకే పడతాడు. కాబట్టి తిథికి గంట కలపాలి, లగ్నానికి నాలుగు నిమిషాలే కలపాలి. వీటి మీద నమ్మకం లేనివారు మనలో ఉన్నారు, మంచిదే. వారు 12 గంటలకు భోజనం వేళకు కట్టించుకోవచ్చు. నమ్మి, పంచాంగం కొని, పురోహితుణ్ణి విమానంలో తీసుకుపోయినవారు మాత్రం ఆయనను ఈ లెక్క అడగకుండా వదలకూడదు.

సామగ్రి మాటకొస్తే రంగంలో లోటు ఉండదు. అరటి, కొబ్బరి, తమలపాకు, మామిడాకు అన్నీ అక్కడివే. కొబ్బరికాయను నడుమ పెట్టి చుట్టూ అరటిహస్తాలు అమర్చిన పళ్ళాలు బర్మావారు తమ దేవతలకు సమర్పించుకుంటారు, బజారులో కట్టినవే దొరుకుతాయి. గోంగూర అయితే వాళ్ళకు మనకన్నా ముద్దు. చిన్‌బౌన్ అంటారు, రోజూ వండుకుంటారు. ఇటలీ ద్రాక్షతోటలో పెళ్ళి చేసినవారు గోంగూర పచ్చడి సీసాలు పెట్టెలో చుట్టుకుపోయిన కథ మనందరికీ తెలుసు.

చట్టం సంగతి క్లుప్తంగా. సప్తపది ఆచారంగా ఉన్న హిందూ వివాహం ఏడో అడుగుతో పూర్తవుతుందని 1955 చట్టం చెబుతుంది. ఇండియా వెలుపల మన రాయబార కార్యాలయంలో పెళ్ళి నమోదు కావాలంటే 1969 విదేశీ వివాహ చట్టం ప్రకారం వధూవరుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, నోటీసు ఇచ్చే ముందు ఒకరు 30 రోజులు అక్కడ ఉండి ఉండాలి. మన పిల్లలు చాలామంది ఇక్కడి పౌరులు. కాబట్టి ఉన్న ఊళ్ళో రిజిస్టరు చేయించుకుని, అక్కడ తాళి కట్టించుకోవడమే జరుగుతుంది. ఇది 56వ పేజీ అడుగున చిన్నక్షరాలలో ఉన్నది, సరిగ్గానే ఉన్నది.

ఇంతవరకూ చూస్తే అన్నీ రంగానికే మొగ్గుతున్నాయి గదా, ఇక వెనక్కు తగ్గడమెందుకని అడగవచ్చు. సంకల్పం కుదిరినా, నక్షత్రం కనిపించినా, విడిది మాట మాత్రం తేలలేదు. అక్కడ ఇంటివారు ఎవరు? ధ్రువుడు కనిపించని మారిషస్‌లో తెలుగువారు తరతరాలుగా పెళ్ళిళ్ళు చేసుకుంటూనే ఉన్నారు. అక్కడ ఎదురొచ్చి కాళ్ళు కడిగేవారు ఉన్నారు గనుక ఆ పెళ్ళికి నక్షత్రం లోటు కాలేదు. అంటే మేము పైన అంత శ్రమపడి వేసిన నక్షత్రాల లెక్క రెండో మెట్టుదే.

రంగంలో అటువంటి ఇంటివారు ఉన్నారు. 1964 తరువాత కూడా వెళ్ళిపోనివాళ్ళ పిల్లలూ, మనుమలూ. మేము 2019 జనవరిలో వెళ్ళినప్పుడు, 1871లో తమిళులు కట్టుకున్న కాళీ గుడి దగ్గర ఒక పెద్దాయన కనిపించారు. నడుముకు బర్మా లుంగీ, కాగితాల మీద బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఆగి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. చెప్పి, మీదే ఊరు అని అడిగితే, "మా తాతది టెక్కలి కాడంట. నానెప్పుడూ చూడనేదు" అన్నారు. ఆయన మనుమరాలి పెళ్ళి అంతకు ముందు ఏడే అయిందట. పొద్దున్నే పొంగీలను, అంటే బౌద్ధ భిక్షువులను, పిలిచి అన్నం పెట్టి, తరువాత పందిట్లో తాళి కట్టించారట. "ఊరోళ్ళు వాళ్ళు గదా, ముందు వాళ్ళకి పెట్టాల" అన్నారు. ఈ వాక్యంలో ఉన్న ప్రాంతజ్ఞానం ఆ పుస్తకం మొత్తం మీద లేదు. పెళ్ళిని ఒక ఊళ్ళో చేయడమంటే ఆ ఊరివాళ్ళకు ముందు అన్నం పెట్టడమని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కాబట్టి మా లెక్కలో రంగంలో పెళ్ళి అంటే హోటలు మెట్ల మీద కాదు, ఆయన వీధిలో జరగాలి. అక్కడే చిక్కు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకున్నది. ఆ నెలలోనే రంగూన్‌లో అయిదుగురికి మించి గుమిగూడరాదన్నారు, రాత్రి కర్ఫ్యూ పెట్టారు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనికసేవ చట్టాన్ని అమలులోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ళ మగపిల్లలు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడపిల్లలు దాని కిందకు వస్తారు. ఆ పెద్దాయన మనుమలు సరిగ్గా ఆ వయసువారు. 2025 మార్చి 28న మాండలే ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి వేల మంది పోయారు. అమెరికా ప్రభుత్వం 2021 నుంచీ తన పౌరులకు ఆ దేశం వెళ్ళవద్దనే చెబుతూ వచ్చింది. వెళ్ళవద్దన్న దేశానికి వెళితే ప్రయాణ బీమా చాలావాటిలో చెల్లదు. 200 మంది అతిథుల్లో 70 ఏళ్ళు దాటినవారు ఎంతమందో మన మిత్రుడు ఒకసారి లెక్కపెట్టుకోవాలి. పుస్తకం మటుకు "ప్రస్తుత పరిస్థితుల వలన ధరలు ఆకర్షణీయంగా ఉన్నాయి" అన్నది. ఈ ఒక్క వాక్యం రాసినందుకు ఆ పేజీని మేము క్షమించలేము. ధర ఎందుకు తగ్గిందో ఆ వీధిలో ప్రతి ఇంటివారికీ తెలుసు. పిల్లలు ఎప్పుడు పిలుపు వస్తుందోనని బిక్కుబిక్కుమంటున్న వీధిలోకి మేళతాళాలతో, మెడనిండా బంగారంతో దిగి, తాతల పేరు చెప్పి వాళ్ళను ఫొటోలకు నిలబడమనడం మాకు మనసొప్పడం లేదు. వాళ్ళను పిలవకుండా హోటల్లో చేసుకోవడం అంతకన్నా మనసొప్పదు.

మేము ఒక మాట ప్రతిపాదించాము. కోరంగి కాకినాడకు కూతవేటు దూరం. ఓడలు ఎక్కిన ఒడ్డు అది. దిగిన ఒడ్డు కుదరనప్పుడు ఎక్కిన ఒడ్డున ఎందుకు చేయకూడదు? అదే ఆకాశం. సంకల్పంలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. లగ్నానికి నాలుగు నిమిషాల గొడవ కూడా లేదు. పెళ్ళికూతురు ఇక్కడ పుట్టి పెరిగినది గనుక ఆమెకు కాకినాడ కూడా విదేశమే, వీసా తీసుకునే వెళ్ళాలి. బయటి దేశంలో పెళ్ళి అన్న సరదా ఆ విధంగానూ తీరుతుంది. ఐరేని కుండలు చేసే కుమ్మరి, గంప అల్లే మేదరి, సన్నాయివారు పది మైళ్ళ లోపల ఉన్నారు. పెళ్ళయ్యాక, రంగం తెరిపిన పడిన రోజున, వధూవరులిద్దరే ఆడంబరం లేకుండా వెళ్ళి, ఆ పెద్దాయన వీధిలో నలుగురికి అన్నం పెట్టి రావచ్చు. 2019లో ఆయన ఇచ్చిన చిరునామా మా దగ్గర ఉన్నది. మూడేళ్ళుగా రాసిన ఉత్తరాలకు జవాబు లేదు.

ఈ సమీక్ష అచ్చుకు ఇచ్చే ముందు మన మిత్రుడికి ఫోనులో చదివి వినిపించాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వాళ్ళ అమ్మగారిని అడిగి చెబుతానన్నారు. అమ్మగారు ఆ రంగం తాతగారి కూతురు, 83 ఏళ్ళు. మర్నాడు ఆయనే ఫోను చేశారు. అమ్మగారు అంతా విని, "మీ తాత అక్కడ 19 ఏళ్ళున్నాడురా. మా అమ్మ ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు. నన్నిప్పుడు ఎందుకు తీసుకుపోతావు?" అన్నారట. కాసేపాగి, సామర్లకోటలో ఉన్న తమ చెల్లెలికి పాస్‌పోర్టు లేదని కూడా గుర్తుచేశారట.

ఆయన ఇంకా తేల్చుకోలేదు. పుస్తకం తిరిగి పంపమన్నారు, పంపించాము. 56వ పేజీలో మేము పెన్సిలుతో గీసిన గీతలు చెరపలేదు.